జీవశాస్త్రం వాకిట భౌతికశాస్త్రవేత్త

హైదరాబాదు నగరంలో చదువుల కూడలిగా పేరు పొందిన ప్రాంతం అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో శిక్షణ సంస్థల బోర్డులు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. తెలుగు జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు అక్కడి హాస్టళ్లలో ఉంటూ, కంప్యూటరు కోర్సులు నేర్చుకొని, ఉద్యోగాల కోసం ప్రయత్నిస్తారు. వారిలో చాలామంది ప్రయాణం పదవ తరగతి పూర్తయిన వేసవిలో తీసుకున్న ఒకే ఒక్క నిర్ణయంతో మొదలై ఉంటుంది. చేరవలసింది ఎం.పి.సి.లోనా, బై.పి.సి.లోనా అన్నదే ఆ నిర్ణయం.

ఈ రెండు గ్రూపుల్లోనూ భౌతికశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది. అయినా ఎం.పి.సి. విద్యార్థి జీవకణాన్ని, బై.పి.సి. విద్యార్థి గణిత సమీకరణాన్ని పదవ తరగతితోనే వదిలిపెట్టడం ఆనవాయితీ అయింది. పదిహేను, పదహారేళ్ల వయసులో గీసిన ఆ గీత క్రమంగా గోడగా మారుతుంది. గోడకు ఇవతలివారు జీవశాస్త్రమంటే బొమ్మలు గీసి పేర్లు కంఠస్థం చేసే చదువని, అవతలివారు భౌతికశాస్త్రమంటే ప్రాణంలేని వస్తువుల లెక్కలని భావించడం అలవాటవుతుంది. పరీక్షల సౌకర్యం కోసం మనుషులు చేసుకున్న ఈ విభజన ప్రకృతిలో కూడా ఉందా అన్న ప్రశ్న ఆ తరువాత చాలామందికి తట్టదు.

అమీర్‌పేటను ఆనుకొని ఉన్న పంజాగుట్టలో ఆ ప్రశ్నకు సమాధానం నిత్యం కనిపిస్తూనే ఉంటుంది. అక్కడి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థను ప్రజలు నిమ్స్ అని పిలుస్తారు. ఒకప్పుడు ఎముకల ఆసుపత్రిగా ఆరంభమైన ఈ సంస్థకు నేడు అన్ని ప్రాంతాల నుంచి రోగులు వస్తారు. విరిగిన ఎముకను చూపించే ఎక్స్‌రే కిరణాలను 1895లో కనుగొన్నవాడు రాంట్‌జన్ అనే భౌతికశాస్త్రవేత్త. శరీరాన్ని పొరలు పొరలుగా చూపే సి.టి. స్కాన్‌కు గణితపరమైన పునాది వేసిన అలన్ కార్మాక్ భౌతికశాస్త్రవేత్త. యంత్రాన్ని నిర్మించిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ ఇంజనీరు. వీరిద్దరికీ 1979లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఎం.ఆర్.ఐ. స్కాన్‌కు రూపమిచ్చినందుకు 2003లో అదే బహుమతి పొందిన ఇద్దరిలో పీటర్ మాన్స్‌ఫీల్డ్ కూడా భౌతికశాస్త్రవేత్తే.

భౌతికశాస్త్రం వైద్యానికి సాధనాలు ఇచ్చిందన్న విషయంలో వివాదం లేదు. వివాదమంతా అక్కడి నుంచే మొదలవుతుంది. సాధనాన్ని తయారుచేసి ఇచ్చి భౌతికశాస్త్రవేత్త తన ప్రయోగశాలకు తిరిగి వెళ్లిపోవాలా? లేక జీవశాస్త్రాన్ని స్వయంగా నేర్చుకొని, ఆ రంగంలోనే నిలిచి పనిచేయాలా? అలా చేస్తే భౌతికశాస్త్రానికి నష్టమా, జీవశాస్త్రానికి లాభమా? శాస్త్రవేత్తల మధ్య చాలాకాలంగా నలుగుతున్న ఈ చర్చకు కొంత సమాధానం హైదరాబాదు అనుభవంలోనే లభిస్తుంది.

డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం తిరుచిరాపల్లిలోని సెయింట్ జోసెఫ్ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, ఆ తరువాత మద్రాసులో విమాన నిర్మాణశాస్త్రం అభ్యసించారు. 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చారు. 1989లో తొలిసారి గగనతలానికి ఎగసిన అగ్ని క్షిపణి కోసం ఆయన బృందం అత్యంత తేలికైన, దృఢమైన పదార్థాలను రూపొందించింది. ఒకనాడు నిమ్స్ నుంచి ఆ ప్రయోగశాలకు వచ్చిన ఎముకల వైద్యుడొకరు ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయారు. వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకొనివెళ్లి తన రోగులను చూపించారు.

అక్కడ ఉన్నవారు చిన్నపిల్లలు. కాళ్లలో సత్తువ లేక, ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు క్యాలిపర్లను ధరించి, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. నడవడానికి ఆధారం కావలసిన పరికరమే నడకకు భారమైంది. తన రోగుల బాధను తొలగించమని ఆ వైద్యుడు కోరారు. మూడు వారాల్లో కలాం బృందం కేవలం మూడు వందల గ్రాముల బరువున్న క్యాలిపర్లను తయారుచేసి తెచ్చింది. వాటిని ధరించి స్వేచ్ఛగా తిరుగుతున్న పిల్లలను, కన్నీళ్లు పెట్టుకున్న వారి తల్లిదండ్రులను కలాం తన ప్రసంగాల్లో అనేకసార్లు గుర్తుచేసుకున్నారు. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో దాన్ని ఒకటిగా చెప్పుకున్నారు.

ఈ సంఘటనలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. తేలికైన పదార్థం ప్రయోగశాలలో ముందే ఉంది. బరువు మోయలేని పిల్లలు ఆసుపత్రిలో ముందే ఉన్నారు. రెండూ ఒకే నగరంలో ఉన్నాయి. అయినా ఒక వైద్యుడు ప్రయోగశాల గడప తొక్కేవరకు, ఒక శాస్త్రవేత్త ఆసుపత్రి గడప తొక్కేవరకు ఆ సమాధానం ఈ సమస్యను చేరలేదు. లోపించినది విజ్ఞానం కాదు, పరిచయం. ఆ పరిచయం ఎంత ఆలస్యమైతే అంతకాలం ఆ బరువును మోసినవారు పసిపిల్లలు.

1990వ దశకంలోనే హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజుతో కలిసి కలాం తక్కువ ధరకు లభించే స్టెంట్‌ను రూపొందించారు. పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని లోహపు జాలీ గొట్టమే స్టెంట్. విదేశాల నుంచి దిగుమతి చేసుకొనే స్టెంట్ల ధర సామాన్యుడికి అందనంత ఎత్తులో ఉన్న రోజులవి. ఈ కొత్త పరికరం కలాం–రాజు స్టెంట్‌గా ప్రసిద్ధి చెందింది. ఒక పేరులోనే రెండు శాస్త్రాలు పక్కపక్కన నిలిచాయి.

అయితే క్యాలిపర్, స్టెంట్ వంటివి తొలి మెట్టు మాత్రమే. వాటిలో సమస్యను వైద్యుడు చెప్పాడు, పరిష్కారాన్ని పదార్థవిజ్ఞానం ఇచ్చింది. జీవశాస్త్రంలోని మూల ప్రశ్నలు ఇంత సులభంగా చేతికి అందవు. ప్రోటీన్ అణువు ఎలా ముడుచుకొంటుంది? కణం తనలాంటి మరో కణాన్ని ఎలా నిర్మిస్తుంది? ఒక వ్యాధి ఊరిలో ఎంత వేగంగా పాకుతుంది? ఇటువంటి ప్రశ్నలకు పరికరాన్ని అరువిస్తే సరిపోదు. ప్రశ్న అడగడమే నేర్చుకోవాలి.

ఇందుకు ఒక ఉదాహరణ అమీర్‌పేటకు పొరుగునే ఉన్న బేగంపేటలో దొరుకుతుంది. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ అక్కడ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, మలేరియా పరాన్నజీవి దశను గుర్తించారు. దోమకు, మలేరియాకు ఉన్న సంబంధాన్ని నిరూపించిన ఆ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ నేటికీ బేగంపేటలో ఉంది. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. తక్కువమందికి తెలిసిన సంగతి ఏమిటంటే, రాస్ గణితంపై ఎంతో మక్కువ గల వ్యక్తి. మలేరియా వ్యాప్తిని ఆయన సమీకరణాలుగా రాశారు. దోమలను పూర్తిగా నిర్మూలించనవసరం లేదని, వాటి సంఖ్యను ఒక స్థాయికంటే తగ్గించగలిగితే వ్యాధి దానంతట అదే తగ్గుముఖం పడుతుందని ఆ లెక్కల ద్వారా చూపించారు. సూక్ష్మదర్శిని శత్రువును చూపింది. శత్రువుతో ఎంతవరకు పోరాడాలో గణితం చెప్పింది. వైద్యుడు గోడకు అవతలివైపు నుంచి దాటి వచ్చిన సందర్భమిది.

భౌతికశాస్త్రం వైపు నుంచి దాటినవారిలో భారతదేశం గర్వించదగిన వ్యక్తి జి.ఎన్. రామచంద్రన్. ఆయన సి.వి. రామన్ శిష్యులు. మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర శాఖకు అధిపతిగా ఉన్న కాలంలో, అక్కడికి వచ్చిన ఆంగ్ల శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ కొల్లాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణం ఇంకా తేలలేదని ప్రస్తావించారు. చర్మానికి, ఎముకకు, కండర బంధనాలకు బలాన్నిచ్చే పదార్థమది. రామచంద్రన్ ఆ ప్రశ్నను చేపట్టారు. గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో దాని నిర్మాణాన్ని ప్రతిపాదించారు. మూడు పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకున్న తాడు వంటి నిర్మాణమది.

అంతటితో ఆయన ఆగలేదు. ప్రోటీన్ గొలుసులోని అణువులు ఒకదానికొకటి తగలకుండా ఏయే కోణాల్లో మలుపు తిరగగలవో లెక్కించి, 1963లో సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి ఒక పటాన్ని ప్రచురించారు. ఆరు దశాబ్దాలు గడిచినా, ప్రపంచంలో ఎక్కడ ఎవరు కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని కనుగొన్నా, అది సరైనదో కాదో తేల్చుకోవడానికి రామచంద్రన్ పటంతో సరిచూసుకుంటారు. రెండు వస్తువులు ఒకే చోట ఉండలేవన్న సాధారణ భౌతిక సత్యం నుంచి పుట్టిన ఫలితమిది. తరువాత ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞానశాస్త్ర సంస్థలో అణు జీవభౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పి, తాను నడిచిన దారిని ఇతరులకూ వేశారు.

ప్రపంచంలోనూ ఇటువంటి ప్రయాణాలు జరిగాయి. 1943లో భౌతికశాస్త్రవేత్త ఎర్విన్ ష్రోడింగర్ డబ్లిన్ నగరంలో జీవం అంటే ఏమిటన్న విషయంపై ఉపన్యాసాలిచ్చి, మరుసటి సంవత్సరం వాటిని పుస్తకంగా వెలువరించారు. దాన్ని చదివి ప్రభావితులైనవారిలో ఫ్రాన్సిస్ క్రిక్ ఒకరు. భౌతికశాస్త్ర పట్టభద్రుడైన క్రిక్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సముద్రపు మందుపాతరలపై పనిచేసి, యుద్ధానంతరం జీవశాస్త్రం నేర్చుకోవడం ఆరంభించారు. 1953లో ఆయన, జంతుశాస్త్రం చదివిన జేమ్స్ వాట్సన్ కలిసి డి.ఎన్.ఎ. జంట మెలికల నిర్మాణాన్ని ప్రకటించారు. ఆ నిర్మాణానికి ఆధారమైన ఎక్స్‌రే చిత్రాలు భౌతిక రసాయనశాస్త్రజ్ఞురాలు రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాల నుంచి వచ్చాయి. ఏ ఒక్క శాస్త్రమూ ఒంటరిగా ఆ ఫలితాన్ని సాధించలేదు.

చిదంబరంలో జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్ జీవితం ఈ చర్చలో మరింత విలువైనది. ఆయన అమెరికాలోని ఒహైయో విశ్వవిద్యాలయంలో 1976లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. తన ఆసక్తి జీవశాస్త్రం వైపు ఉందని గ్రహించి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మళ్లీ విద్యార్థిగా చేరారు. డాక్టరేట్ పట్టా ఉన్న వ్యక్తి తనకంటే చిన్నవారితో కలిసి జీవశాస్త్రం పాఠాలు మొదటి నుంచి నేర్చుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఆ తరువాత ఆయన కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోసోమ్ నిర్మాణాన్ని ఛేదించి, 2009లో మరి ఇద్దరితో కలిసి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. సూక్ష్మజీవులను అణచే అనేక యాంటీబయాటిక్ మందులు పనిచేసేది ఆ రైబోసోమ్ మీదనే. భౌతికశాస్త్రంలో పట్టా, జీవశాస్త్రంలో కృషి, రసాయనశాస్త్రంలో బహుమతి – ఆ నిర్మాణం ఏ శాఖకు చెందినదో తేల్చడం ఎవరి తరం?

ఇన్ని విజయాలు కనిపిస్తున్నా, ఈ వాదాన్ని అంగీకరించనివారు ఉన్నారు. వారి మాటల్లో బలం లేకపోలేదు. మొదటి ఆక్షేపణ భౌతికశాస్త్రం పక్షాన వస్తుంది. విశ్వం పుట్టుక, పదార్థం అంతిమ స్వరూపం వంటి మౌలిక ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. ప్రతిభావంతులంతా జీవశాస్త్రం వైపు మళ్లితే వాటిని ఎవరు పట్టించుకుంటారన్నది ఆ ప్రశ్న. న్యాయమైన మాటే. అందరూ మళ్లాలని ఎవరూ కోరడం లేదు. మళ్లదలచినవారికి దారి మూసి ఉండరాదన్నదే అసలు విషయం. అదీగాక, అమీర్‌పేట వీధులు చెబుతున్న సంగతి వేరు. భౌతికశాస్త్రంలో ఆసక్తి ఉన్న విద్యార్థులు ఆ శాస్త్రాన్ని విడిచి వెళుతున్నది జీవశాస్త్రానికి కాదు, ఉద్యోగాన్నిచ్చే మరో కోర్సుకు.

రెండవ ఆక్షేపణ జీవశాస్త్రం పక్షాన వస్తుంది. భౌతికశాస్త్రవేత్త ప్రతిదాన్నీ సరళం చేసి చూస్తాడని, జీవప్రపంచం అలా లొంగదని జీవశాస్త్రజ్ఞులు అంటారు. ఈ విమర్శకు చరిత్రలో ఆధారాలున్నాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో లార్డ్ కెల్విన్ భూమి చల్లబడే రేటును లెక్కగట్టి, 1897 నాటికి దాని వయస్సును రెండు నుంచి నాలుగు కోట్ల సంవత్సరాలకు పరిమితం చేశారు. డార్విన్ చెప్పిన జీవపరిణామానికి అంత తక్కువ కాలం చాలదు. ఆనాడు లెక్క కెల్విన్ పక్షాన, జీవరాశుల సాక్ష్యం డార్విన్ పక్షాన నిలిచాయి. చివరికి నెగ్గింది జీవరాశుల సాక్ష్యమే. భూమి వయస్సు దాదాపు 454 కోట్ల సంవత్సరాలని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కెల్విన్ గణితంలో తప్పు లేదు. భూమి లోపల ఏమి జరుగుతున్నదో అంతా తెలిసిపోయిందన్న నమ్మకంలోనే తప్పు ఉంది.

జార్జ్ గామోవ్ కథ ఇంకొక పాఠం చెబుతుంది. విశ్వోత్పత్తి సిద్ధాంతంలో పేరుగాంచిన ఈ భౌతికశాస్త్రవేత్త, డి.ఎన్.ఎ. నిర్మాణం వెలువడగానే, అందులోని నాలుగు అక్షరాలు ప్రోటీన్లలోని ఇరవై రకాల అణువులను ఎలా సూచిస్తాయన్న ప్రశ్నను లేవనెత్తారు. 1954లో ఒక అందమైన సంకేత పద్ధతిని ప్రతిపాదించారు. అది తప్పని తేలింది. 1961లో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మత్తై అనే జీవరసాయనశాస్త్రజ్ఞులు పరీక్షనాళికలో చేసిన ప్రయోగం అసలు సంకేతంలోని మొదటి పదాన్ని బయటపెట్టింది. హరగోవింద ఖొరానా వంటి రసాయనశాస్త్రజ్ఞులు మిగిలిన పదాలను ఛేదించడంలో పాలుపంచుకున్నారు. ప్రకృతి ఎంచుకున్న సంకేతం గామోవ్ ఊహించినంత పొందికైనది కాదు. కోట్ల సంవత్సరాల పరిణామ చరిత్ర దానిపై తన ముద్రలు వేసింది. అయినా ప్రశ్నను స్పష్టంగా అడిగిన ఘనత గామోవ్‌దే.

ఈ ఉదాహరణలను నిదానంగా పరిశీలిస్తే ఒక విషయం బోధపడుతుంది. భౌతికశాస్త్రవేత్త జీవశాస్త్రంలోకి వెళ్లరాదని అవి చెప్పడం లేదు. ఎలా వెళ్లాలో చెబుతున్నాయి. కెల్విన్ న్యాయమూర్తిలా తీర్పు చెప్పారు. గామోవ్ సమాధానాన్ని కాగితం మీద వెతికారు. రామకృష్ణన్ విద్యార్థిగా బల్లపై కూర్చున్నారు. కలాం ఆసుపత్రికి వెళ్లి పిల్లల కాళ్లను చూశారు. జీవశాస్త్రం వాకిట నిలిచిన భౌతికశాస్త్రవేత్త తన సమీకరణాలను విడిచిపెట్టనవసరం లేదు. తనకు అంతా తెలుసునన్న భావాన్ని మాత్రం చెప్పులతోపాటు బయట విడిచి రావాలి. అన్నీ తెలిసినవాడూ లేడు, ఏమీ తెలియనివాడూ లేడు అన్న పెద్దల మాట శాస్త్రవేత్తలకూ వర్తిస్తుంది.

మూడవ ఆక్షేపణ లోకానుభవం నుంచి వస్తుంది. రెండు శాస్త్రాలు నేర్చుకోబోయి ఏదీ పూర్తిగా రాక, రెంటికీ చెడ్డ రేవడి అయ్యే ప్రమాదం ఉందని తల్లిదండ్రులు, అధ్యాపకులు హెచ్చరిస్తారు. ఈ భయం నిరాధారమైనది కాదు. ఒక శాస్త్రంలోనైనా లోతు లేనివాడు రెండో శాస్త్రానికి ఇవ్వగలిగింది శూన్యం. రామచంద్రన్‌కు ఎక్స్‌రే శాస్త్రంలో పట్టు ఉంది కనుకనే కొల్లాజెన్ చిత్రం ఆయనతో మాట్లాడింది. కాబట్టి ముందు ఒక చోట గట్టిగా పాదం మోపడం, ఆ తరువాత రెండో చోటికి అడుగు వేయడం వివేకవంతమైన పద్ధతి. కాని రెండో అడుగు వేయడానికి కావలసిన అక్షరాభ్యాసమైనా చిన్ననాడే జరగకపోతే, ముప్ఫై ఏళ్ల వయసులో ఆ సాహసం చేసేవారు చాలా అరుదుగా ఉంటారు.

శాస్త్రాల మధ్య మాటలు లేకపోతే ఎంత మూల్యం చెల్లించాలో 2020లో ప్రపంచమంతా చవిచూసింది. కరోనా వ్యాధి ప్రబలిన తొలి నెలల్లో, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే తుంపరలు దగ్గరలోనే నేలపై పడిపోతాయని, వ్యాధి గాలిలో వ్యాపించదని ఆరోగ్య సంస్థలు ప్రజలకు చెప్పాయి. ఐదు మైక్రాన్లకంటే పెద్ద తుంపరలు గాలిలో నిలవవన్న పాత భావన వైద్యరంగంలో పాతుకొని ఉంది. గాలిలోని సూక్ష్మకణాలపై పనిచేసే భౌతికశాస్త్రజ్ఞులకు అది సరికాదని తెలుసు. అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద తుంపరలు కూడా కొంతసేపు గాలిలో తేలియాడగలవు. లిడియా మొరావ్‌స్కా అనే భౌతికశాస్త్రజ్ఞురాలు చొరవ తీసుకోగా, 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని గుర్తించాలని బహిరంగ లేఖ ద్వారా కోరారు. ఆ తరువాతనే గాలి, వెలుతురు వచ్చే కిటికీలకు, మాస్కులకు తగిన ప్రాధాన్యం క్రమంగా లభించింది. ఒక శాస్త్రంలో తెలిసిన సత్యం పక్క శాస్త్రం గడప దాటడానికి నెలలు పట్టింది. మహమ్మారి కాలంలో ఆ నెలల విలువ ప్రాణాల్లోనే లెక్కించాలి.

ఇప్పుడు కాలం మరింత వేగంగా మారుతున్నది. ప్రోటీన్ గొలుసు ఏ ఆకృతిలో ముడుచుకొంటుందో కంప్యూటరు ద్వారా ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే పద్ధతికి 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. దాన్ని అందుకున్నవారిలో జాన్ జంపర్ కళాశాలలో భౌతికశాస్త్రం, గణితం చదివినవాడు. అమీర్‌పేటలో కంప్యూటరు భాషలు నేర్చుకొంటున్న విద్యార్థికి ఇందులో ఒక సూచన ఉంది. తన చేతిలోని నైపుణ్యం బ్యాంకుల లెక్కలకు మాత్రమే కాక, క్షయ క్రిమిని, క్యాన్సరు కణాన్ని అర్థం చేసుకోవడానికి కూడా పనికివస్తుంది. అయితే కణమంటే ఏమిటో తెలియనివాడికి ఆ తలుపు కనిపించదు.

హైదరాబాదుకు ఈ విషయంలో మంచి వారసత్వం ఉంది. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం 1977లో ఆరంభమైంది. దానికి తొలి సంచాలకులైన పుష్పమిత్ర భార్గవ మొదట చదివింది రసాయనశాస్త్రం. ఆ తరువాత అదే కేంద్రానికి సంచాలకులైన డి. బాలసుబ్రమణియన్ కూడా రసాయనశాస్త్రం నుంచి వచ్చి, కంటి కటకంలోని ప్రోటీన్లపై పరిశోధన చేసి, ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో తన కృషిని కొనసాగించారు. టాటా మౌలిక పరిశోధన సంస్థ గోపన్‌పల్లిలో నెలకొల్పిన కేంద్రాన్ని శాఖల మధ్య గోడలు లేకుండా, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు కలిసి పనిచేసేలా రూపొందించారు. పరిశోధన స్థాయిలో గోడలు సడలుతున్నాయి. ఇంటర్మీడియట్ స్థాయిలో మాత్రం అవి చాలాకాలం గట్టిగానే నిలిచాయి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ విద్యామండలి 2025–26 విద్యాసంవత్సరం నుంచి గణితాన్ని, జీవశాస్త్రాన్ని కలిపి చదువుకొనే వీలు కల్పించడం ఈ దిశలో స్వాగతించదగిన అడుగు.

చట్టాలు, నిబంధనలు మారితే సరిపోదు. అలవాట్లు కూడా మారాలి. విశ్వవిద్యాలయాలు భౌతికశాస్త్ర విద్యార్థికి కనీసం ఒక సంవత్సరం జీవశాస్త్రాన్ని, ప్రయోగశాలతో సహా, నేర్పాలి. ఉద్యోగ నియామకాల్లో, పరిశోధన నిధుల పంపిణీలో రెండు శాస్త్రాల మధ్య పనిచేసేవారిని ఏ శాఖకూ చెందనివారిగా పక్కన పెట్టకూడదు. ఆసుపత్రులకు, ప్రయోగశాలలకు మధ్య రాకపోకలు ఏ ఒక్క వైద్యుని చొరవపైనో ఆధారపడకుండా, నిత్య వ్యవహారంగా మారాలి. పంజాగుట్టలోని ఆ పిల్లలకు తేలికైన క్యాలిపర్లు అందడానికి ఒక అనుకోని సందర్శనం కారణమైంది. ఎన్నో సమస్యలు అటువంటి సందర్శనం కోసం ఇంకా ఎదురుచూస్తూ ఉండవచ్చు.

విద్యార్థుల వంతు కర్తవ్యం కూడా ఉంది. ఎం.పి.సి. విద్యార్థి గుండె నిమిషానికి ఎంత రక్తాన్ని, ఎంత పీడనంతో పంపుతున్నదో లెక్కగట్టి చూడవచ్చు. తాను చదివిన ద్రవగతి శాస్త్రం తన ఛాతీలోనే పనిచేస్తున్నదని అప్పుడు తెలుస్తుంది. బై.పి.సి. విద్యార్థి ఒక బాక్టీరియా ప్రతి ఇరవై నిమిషాలకు రెండుగా చీలితే ఒక్క రోజులో ఎన్ని కావాలో, అన్ని ఎందుకు కావో ఆలోచించవచ్చు. గణితం తన శాస్త్రానికి శత్రువు కాదని అప్పుడు గ్రహిస్తాడు. గ్రంథాలయంలో పక్క గ్రూపు పుస్తకాన్ని తెరవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

భౌతికశాస్త్రవేత్త జీవశాస్త్రం నేర్చుకోవాలా అన్న ప్రశ్నకు సమాధానం స్పష్టమే. ఆసక్తి ఉన్నవారు తప్పక నేర్చుకోవాలి; ఆ రంగంలో నిలిచి పనిచేయాలి. యజమానిగా కాక శిష్యుడిగా, పరికరం ఇచ్చి వెళ్లే అతిథిగా కాక ప్రశ్నలో పాలుపంచుకొనే సహచరుడిగా వెళ్లాలి. రోగికి తన వ్యాధి ఏ శాస్త్ర పరిధిలోకి వస్తుందో తెలియదు, తెలియనవసరమూ లేదు. అతడి బాధను తగ్గించగలిగిన విజ్ఞానం ఎక్కడ ఉన్నా, అది అతడి మంచం దగ్గరకు చేరాలి. చేర్చగలవారు రెండు భాషలూ తెలిసినవారే. అటువంటివారిని తయారుచేసుకోవడం నేటి విద్య ముందున్న బాధ్యత.